తరువాతి సంగతి తెలియదు

మా ఇంట్లో ఒక చిట్టా ఉంది,
చెదలు తినగా మిగిలిన పదకొండేళ్ళ చిట్టా.
రాసింది మా ముత్తాత లుకలాపు గవరయ్య,
పర్లాకిమిడి దాపున ఒక చిన్న జమీలో
రంగులు నూరినవాడు.
మొదటి పేజీలో మొదటి పద్దు:
“కొత్త దొరకి అవిసె నూనె, అరవీశె.
దొర ఇంగిలీసు కాదట, ఇటలీ అట.
అదెక్కడో దివానుగారికీ తెలీదు.”

నా బడి ఒడియా.
తెలుగు అక్షరాలు ఈ చిట్టా మీదే దిద్దాను.
నేను కూడబలుక్కున్న మొదటి తెలుగు మాట
అవిసె నూనె.

దొర పేరు బెర్నార్దో తాలియేరి.
గవరయ్య రాతలో బెన్నారు దొర.
మూడో ఏటికి ఉత్త బెన్నారు.
ఏడో ఏటికి, మా బెన్నయ్య.

సున్నపు బట్టీవాడి కొడుకట.
పాలు గడ్డకట్టే చలి ఊరట, కొండ కింద.
చర్చి గోడ మీద తడి సున్నం ఆరేలోగా
దేవదూత రెక్క పూర్తవ్వాలి,
లేకపోతే మేస్త్రీ చెవి మెలేస్తాడు.
పదేళ్ళకే ఆ తొందర ఒంటబట్టింది.
మిలానులో చదివాడు, పోటీలో రెండోవాడయ్యాడు.
రెండోవాడికి ఏమీ ఇవ్వరు,
పేరు చదివి చప్పట్లు కొడతారు.
యుద్ధానికి పోయి
భుజంలో సీసపు ముక్కతో తిరిగొచ్చాడు.
“నువ్వు నూరే తెల్లరంగూ సీసమే గవరయ్యా,
లోపలా బయటా ఒకటే సరుకు”
అని నవ్వేవాడట.
అప్పులు. ఒక వితంతువు. ఒక ఓడ టిక్కెట్టు.
వీటిలో ఏది ముందో చిట్టాలో లేదు.

ఇక్కడ జమీందారుగారి బొమ్మలు తొమ్మిది వేశాడు.
తొమ్మిదింటా మీసం వారిదే,
చేతులు మాత్రం గవరయ్యవి.
వారికి కూర్చునే తీరికేదీ?
ఉంగరాలు పళ్ళెంలో పెట్టి పంపేవారు.
ఇంగిలీకం నూరి నూరి కాయలు కాచిన వేళ్ళకి
కెంపులు తొడిగి
“కదలకు” అనేవాడు బెన్నయ్య.
“చేతులు అరువిచ్చినందుకు, ఒక అణా.”
ఆ పద్దు ఇరవైమూడుసార్లుంది.

జీతం ఏటేటా బాకీయే.
ఒక ఏడు బియ్యం ఇచ్చారు,
ఒక ఏడు కొమ్ముతో చెక్కిన కొంగ.
సీమ నుంచి తెల్లరంగు రావడం మానేస్తే
గవ్వల సున్నం మెత్తగా నూరి ఇచ్చాడు మా ముత్తాత,
నూనె తగలగానే అది మాయమయ్యేది.
మహేంద్రగిరి వేద్దామని
ఆరు వానాకాలాలు అరుగు మీద కూచున్నాడట.
కుంచె ముంచేలోగా కొండ మబ్బులో దూరిపోయేది.
“తడి సున్నం నయం. మీ కొండకి అంత ఓపిక కూడా లేదు.”

ఎనిమిదో ఏటి నుంచి పద్దులు మారతాయి:
క్వినైను పొడి. దుప్పటి. మళ్ళీ క్వినైను.
అవిసె నూనె లేదు.
పదకొండో ఏట ఒక పుటలో రెండే వరసలు:
“గొయ్యి తవ్విన సవరలకి ఆరణాలు, సారా వేరే.
బెన్నయ్య నాకియ్యవలసింది పదమూడణాలు.”
బాకీ తీరితే గీత కొట్టడం ఆయన అలవాటు.
ఈ వరస మీద గీత లేదు.

మొన్న ఆ చలి ఊరి నుంచి ఉత్తరం వచ్చింది,
ఎవరో పరిశోధకురాలు, నా చిరునామా ఎలా పట్టిందో!
వాళ్ళ సూచీలోంచి మూడు వాక్యాలు పంపింది:
చర్చి గోడలు రెండు, ఒకదానికి వెల్ల వేసేశారు.
అరవైతొమ్మిదిలో తూర్పుదేశాలకు వెళ్ళాడు.
తరువాతి సంగతి తెలియదు.

తాసీల్దారు కచేరీకి వెళ్ళాను.
తొమ్మిదింటిలో ఒకటే మిగిలింది, ఫ్యాను వెనక.
కింద ఒడియాలో చీటీ: చిత్రకారుడు అజ్ఞాతుడు.
జమీందారుగారి చిటికెన వేలు కొంచెం వంకర.
బంట్రోతు “ముట్టుకోకండి” అన్నాడు.
నేను ముట్టుకోలేదు,
నా చెయ్యి జేబులోంచి తీసి పక్కన పెట్టి చూశానంతే.

రాత్రి జవాబు రాయడానికి కూచున్నాను.
‘మా బెన్నయ్య’ అన్నదాన్ని
వాళ్ళకెలా చెప్పాలో ఎంతకీ తోచలేదు.
చివరికి మొదటి పుట తీసి
ఉన్నదున్నట్టు ఎక్కించాను:
కొత్త దొరకి అవిసె నూనె,
అరవీశె.